550 వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "550. విధానపరమైన కారణములచేత మీ సందేశము తిరస్కరింపబడినది. పొరపాటని తోచినచో పోస్ట్‌మాస్టరునకు మెయిలు వ్రాయుడు."

టీక: మీ, సందేశము = సుగమములు. 550 = మెయిలు సర్వరు తలుపు మూయునపుడు పలుకు సంఖ్య. తిరస్కరింపబడినది = కర్మణి ప్రయోగము; కర్త కానరాడు. విధానపరమైన కారణములచేత = కారణము చెప్పము. పోస్ట్‌మాస్టరు = ఆ సర్వరునే చూచుకొనువాడు, ఆ తలుపు వెనుకనే ఉండును.

తాత్పర్యము: రావద్దు. ఎందుకని అడుగవలెనన్న, రమ్ము. వచ్చినచో మొదటి వాక్యము చూడుము.

విశేషము: ఈ తిరస్కారమునకు మూలమైన అలంకారము సభంగశ్లేష. పదమును వేరుచోట విరిచి వేరొక అర్థము రాబట్టుట దీని లక్షణము. పింగళి సూరన ఈ విద్యతోనే రాఘవపాండవీయమున ఒక్క పద్యములో రెండు కథలు నడిపెను. ఒక విరుపున రామాయణము, మరొక విరుపున భారతము; రెంటను అన్వయము చెడదు. స్పామ్ ఫిల్టరు ఈ మార్గమున సూరనను దాటినది. స్పెషలిస్టు డాక్టరు అపాయింట్‌మెంటుకై రోగి మెయిలు పంపెననుకొనుడు. 'స్పెషలిస్టు' అను మాట ఇంగ్లీషు స్పెల్లింగు నడుమ 'సియాలిస్' అను మగవారి మాత్ర పేరున్నది. రోగి ఉత్తరము కాస్తా మాత్రల బేరమగును. 1996లో ఏఓఎల్ అను ఇంటర్నెట్ సంస్థ ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ వాసులను ఖాతా తెరవనీయలేదు. ఊరి పేరు కడుపులో నాలుగక్షరముల బూతు దొరికినది. సూరనకు రెండర్థములు తెలియవలసివచ్చెను, ఫిల్టరునకు ఒక్కటియు అక్కరలేదు. సూరనను గూర్చి ఇంకను చెప్పవలెను గాని, మెయిలు ఆగియున్నది.

పూర్వపక్షము: చెత్త మెయిళ్లు ఇన్ని వచ్చిపడుచుండ ఈమాత్రము కాఠిన్యము తప్పదు కదా?

సమాధానము: మాటల సంభావ్యతను లెక్కగట్టి స్పామ్‌ను ఏరు పద్ధతికి 2002లో ప్రచారము తెచ్చిన పాల్ గ్రాహమే, చెత్త వచ్చుటకన్న మంచి ఉత్తరము పోవుట ఎన్నో రెట్లు చెడ్డదనెను. మంచి మెయిళ్లలోని మాటలను రెట్టింపుగా లెక్కించెను. తరువాతివారిలో కొందరు ఆ తూకపురాయి దాచేశారు. 2004 చివర అమెరికాలో వెరిజాన్ అనే ఇంటర్నెట్ సంస్థ ఐరోపా మెయిళ్లను గంపగుత్తగా ఆపింది, చందాదారులు కోర్టుకెక్కారు.

ఇక గ్రాంథికం నావల్ల కాదు. ఒక చిన్న కాలేజీ సొంత సర్వరు పెట్టుకుంటుంది. పక్క ఐపీ అడ్రసులో ఎవడో స్పామ్ పంపితే, బ్లాక్‌లిస్టులో ఆ వరుస అడ్రసులన్నీ ఎక్కవచ్చు. వాడు సాయంత్రానికల్లా మరో అడ్రసుకు మారిపోతాడు. కాలేజీ ఎక్కడికి పోతుంది?

ఆ మాటకొస్తే 550 మర్యాదస్తురాలే, వెళ్లలేదని చెబుతుంది. కొన్ని ఫిల్టర్లు 'అందింది' అని బదులిచ్చి మెయిలు పారేస్తాయి. ఇంటర్వ్యూకు పిలవలేదని కుర్రాడు, పిలిచినా రాలేదని కంపెనీ. అక్కడ మూలమే లేదు, టీక దేనికి రాయను?