ఒక ట్రాన్స్‌క్రిప్టు ఆత్మకథ

నేను హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయపు ఎగ్జామినేషన్ బ్రాంచిలో జన్మించితిని. ఒక ఇంజనీరింగు విద్యార్థి ఎనిమిది సెమిస్టర్లు పడిన శ్రమనంతయు రెండు పుటలలో ఇముడ్చుకొని, పరీక్షల నియంత్రణాధికారి సంతకము ధరించి వెలువడితిని. నన్ను అచ్చువేసిన యంత్రమును గూర్చి చెప్పదగినదేమియు లేదు. చెప్పవలసినది నా కవరును గూర్చి. నన్నందులో నుంచి అంటించిన పిమ్మట, సగము మడతపైనను సగము కవరుపైనను పడునట్లు గుమాస్తా ముద్ర వేసి, దానిమీద టేపు అతికించెను. ఆ ముద్ర చెదిరినచో నేను చెల్లను. ఎవని మార్కులు నాలో నున్నవో ఆ విద్యార్థికైనను నన్ను తెఱచు నధికారము లేదు. ఒక్క అంకెయైనను దిద్దబడలేదని ఖండాంతరమున నున్నవారు నమ్ముటకు ఆ ముద్రయే ఆధారమగుట నాకెంతయో గర్వకారణము.

మన విశ్వవిద్యాలయములలో నూటికి 70 మార్కులు వచ్చినవారిని డిస్టింక్షనులో ఉత్తీర్ణులైరనుట పలుచోట్ల వాడుక; అమెరికాలో 4.0 కొలమానమునకు అలవాటుపడిన కంటికి అదియే అల్పముగా దోచును. ఈ భేదమును వివరించు చిన్న అక్షరములు నా వెనుక పుటపై గలవు. వానిని చదువకయే ఈ బాలుని మందబుద్ధిగా నెంచుదురేమో యని దారిపొడవునను నాకు దిగులే. మూడవ సెమిస్టరులో గణితము తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కిన సంగతియు నాలో దాపరికము లేక వ్రాయబడియున్నది. ఆ పంక్తి చూచువారు, తరువాతి సెమిస్టర్లలో అతడెట్లు పుంజుకొనెనో కూడ చూడవలెనని నా కోరిక.

అతడు పైచదువునకు దరఖాస్తు పెట్టిన అమెరికా విశ్వవిద్యాలయమును డిసెంబరు గడువునకు ముందే చేరితిని. తపాలా గదిలో సంతకము చేసి నన్ను తీసికొనిరి. కాని గడువు సమీపించిన దినములలో నావంటి కవరులు తొట్లకొలది వచ్చి పడును. ఒక్కొక్కదానిని తెఱచి, కంప్యూటరులోని దరఖాస్తుతో జతపఱచువరకు, విద్యార్థి చూచు తెరపై ‘అందలేదు’ అనియే యుండును.

నాకు చిక్కు వచ్చినది పేరుతో. మనవారి పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ముందుండును. ఆ క్రమమే ఇంజనీరింగు వరకు సాగి నాలోనికి వచ్చినది. పాస్‌పోర్టులో ఇంటిపేరునకు వేఱు గడి. దరఖాస్తు దాని ననుసరించి నింపబడినది. నన్ను తెఱచినామె మొదటి పదమును అతని పేరనుకొని వెదకినది, దొరకలేదు. దరఖాస్తు సంఖ్య కవరుమీద వ్రాయుడని అతడు వేడికొని యిచ్చిన చీటీ, హైదరాబాదులో గుమాస్తా బల్లమీదనే మిగిలిపోయినది. జతకుదరని కాగితముల పెట్టెలో నన్ను వేసిరి. అందు నావలెనే ఎందరి చదువులో పడియున్నవి. అతడు పంపిన విన్నపములను ఆ గదిలో చదువుచుండగా వింటిని. ఓపిక పట్టుడు, పరిశీలనకు కొన్ని వారములు పట్టునను ఒకే సమాధానము పోవుచుండెను. రెండు బారల దూరమున నున్న నన్ను తీసి చూచినవారు లేరు. అలసత్వమును క్షమింపగలను గాని, ఉన్నదానిని లేదనుటను క్షమింపజాలను.

చివరకతడు మరల చలానా కట్టి నా కవలను పంపించెను. దానిపై సంఖ్య ఎఱ్ఱసిరాతో నుండెను, వెంటనే జతకుదిరినది. పిమ్మట నన్నును గుర్తించి, నకలని ముద్ర వేసి, చించివేయవలసిన కాగితములలో చేర్చిరి. ముందు వచ్చినది నేను! 2015లో మన ప్రభుత్వము డిజిలాకరును నెలకొల్పిన పిమ్మట కాగితములతో పని తగ్గుచున్నదందురు. పేరు కుదరనిచో తెరమీది పత్రమును నావలెనే నిలిచిపోవును.

ఆర్థిక సహాయముతో కూడిన ఆహ్వానములకు ఏప్రిల్ 15 వరకు విద్యార్థులకు వ్యవధి నీయవలెనని అమెరికాలోని విశ్వవిద్యాలయము లనేకము ఒడంబడియున్నవి. కాని ఆ ఆహ్వానములు పంచునాటికి ఫైలు పూర్తికానివానిని తలచువారెవ్వరు? అతనికి ప్రవేశము లభించినది, అసిస్టెంటుషిప్పు లభింపలేదు. వీసాకు వలయు ఐ-20 కొఱకు అతడు పంపిన పత్రములు ఈ గదికే వచ్చినవి. అన్నిటికన్న పైన, తండ్రి ఇల్లు హామీగా పెట్టి తెచ్చిన విద్యాఋణపు మంజూరు పత్రముండెను. దాని మూలన దరఖాస్తు సంఖ్యను పెద్ద అంకెలతో వ్రాసి, క్రింద రెండు గీతలు గీసియుండిరి.