కంప్యూటర్ ముట్టుకోకముందు కెమెరా పట్టండి

ప్రెస్సు పని నేర్చుకుందామని హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ బస్సెక్కే కుర్రాళ్ళకు అందరూ ఫొటోషాప్ నేర్చుకోమనే చెబుతారు. ప్లేట్లు నేరుగా కంప్యూటర్ నుంచే వస్తున్నాయి కదా అంటారు. నేను దానికి పూర్తిగా ఎదురు చెబుతాను. ముందు అచ్చుకు కావలసిన బొమ్మను ఫిల్ము మీదికి తీసే ప్రాసెస్ కెమెరా నేర్చుకోండి. ఆ పనికి జీతమిచ్చేవాళ్ళు లేరని తెలిసే చెబుతున్నాను. అచ్చులో బొమ్మంటే చుక్కల గుంపు. ఆ సంగతి చేతికి తెలిసేది చీకటిగదిలోనే.

1. తుక్కుకు పోనివ్వకండి. పాత ఆఫ్‌సెట్ ప్రెస్సు వెనక గదిలో దుమ్ము పట్టిన కెమెరా కనిపిస్తే యజమానిని బతిమాలైనా ఆపండి. బొమ్మ పెట్టే బోర్డు, లెన్సు, బెలోస్, ఫిల్మును గాలి లాగి పట్టుకునే వాక్యూమ్ పలక చెడకుండా ఉంటే చాలు, పని మొదలుపెట్టొచ్చు.

2. లెక్క నోటికి రావాలి. అపర్చర్ మార్చకుండా, ఉన్న సైజుకే తీయడానికి 40 సెకన్ల వెలుగు కావాలనుకోండి. సగం సైజుకు ఇరవై రెండున్నర సెకన్లు, రెట్టింపుకు 90 సెకన్లు పడతాయి. బొమ్మ ఎన్ని రెట్లో దానికి ఒకటి కలిపి, వచ్చిన అంకెను దానితోనే గుణించండి. ఎక్స్‌పోజర్లన్నీ ఆ నిష్పత్తిలోనే ఉంటాయి. 1895లో కలకత్తాలో సొంత సంస్థ పెట్టిన ఉపేంద్రకిశోర్ రాయ్, విదేశీ పుస్తకాల్లో ఉన్నదానితో సరిపెట్టుకోకుండా, బొమ్మను చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ లెక్కలు తానే కట్టారు. మీరూ పెన్సిల్ పట్టండి.

3. గడియారాన్ని నమ్మకండి. లిత్ ఫిల్ముకు ఎర్రదీపం కనపడదు, మీకు ఫిల్ము కనపడుతుంది. ఆ వెలుగులో చుక్క నల్లబడే తీరు చూసి ట్రేలోంచి ఎప్పుడు తీయాలో తేల్చండి. డెవలపర్ మందు 'ఎ', 'బి' భాగాలు కలిపాక కొద్ది గంటల్లోనే దాని బలం తగ్గుతుంది. పొద్దున చెల్లిన నిమిషాల లెక్క సాయంత్రం చెల్లదు. చేతులకు తొడుగులు, గదికి గాలి బయటికి లాగే ఫ్యాను మాత్రం తప్పనిసరి.

4. మే నెలలోనే మొదలుపెట్టండి. డెవలపర్‌కు కావలసింది దాదాపు 20 డిగ్రీలు. మన డెల్టాలో ఆ రోజుల్లో కుళాయి తిప్పితే వేడినీళ్ళే. ఐసు డెవలపర్‌లో వేస్తే అది పలచబడిపోతుంది. పెద్ద ట్రేలో ఐసునీళ్ళు పోసి, అందులో మందు ట్రేను ఉంచండి. ఎండాకాలంలో నేర్చినవాడికి మిగతా నెలలు లెక్కకాదు.

5. రంగులు చేత్తో విడదీయండి. నూజివీడు మామిడిపండు ఫొటో తీసుకోండి. ఎర్ర ఫిల్టర్‌తో సయాన్, ఆకుపచ్చ ఫిల్టర్‌తో మెజెంటా, నీలం ఫిల్టర్‌తో పసుపు నెగెటివ్‌లు వస్తాయి. రంగులు విడదీసే ఫిల్ము లిత్ ఫిల్ము కాదు, దానికి ఎర్రదీపం కూడా పనికిరాదు, కటిక చీకటే. బొమ్మను చుక్కలుగా విడగొట్టే స్క్రీన్‌ను నలుపుకు 45, మెజెంటాకు 75, సయాన్‌కు 15, పసుపుకు 90 డిగ్రీల్లో తిప్పాలి. కోణం తప్పితే పండు మీద గళ్ళ చీర నేసినట్టు మచ్చలు తేలతాయి. స్కానర్లు రాకముందు మద్రాసు ప్రసాద్ ప్రాసెస్‌లో అచ్చయిన చందమామ రంగుల బొమ్మలను ఈ కష్టం తెలిసిన కళ్ళతో ఒకసారి చూడండి.

6. వాట్సాప్ ఫొటో తీసుకోకండి. పెళ్ళికార్డు గిరాకీ పక్క కొట్టుకు పోయినా సరే. పంపడంలో నలిగిన ఫొటోలో పోయిన వివరాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. అసలు ఫొటో తెమ్మని అడగండి.

7. భూతద్దం జేబులోనే ఉండాలి. పత్రిక కాగితం మీద అంగుళానికి 85 చుక్కల వరుసలు, ఆర్ట్ పేపర్ మీద 150. అచ్చయిన ప్రతి కాగితాన్నీ అద్దం కింద పెట్టి చుక్కలు చదవండి.

ఆర్నెల్లు ఆలస్యమవుతుంది. తోటివాళ్ళు ముందే జీతాలు అందుకుంటారు. అయినా వెళ్ళండి. ప్లేటు మీద తప్పు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ చెప్పేదాకా ఆగకుండా పట్టుకునే పనివాడే ఏ ప్రెస్సుకైనా కావాలి.