పక్క సీటు నంబరు

మా ఆఫీసు హెచ్‌ఆర్ పోర్టల్ పైథాన్‌లో, ఫాస్ట్‌ఏపీఐ మీద నడుస్తుంది. ఎవరి పే స్లిప్ వాళ్ళు చూసుకునేలా కొత్త ఎండ్‌పాయింట్ కావాలన్నారు. టీమ్‌లో అందరికంటే పని తెలిసిన అమ్మాయికి అప్పజెప్పారు.

ఎండ్‌పాయింట్ పెట్టడం పెద్ద పనేం కాదు. ఫంక్షన్ నెత్తిన ఒక డెకరేటర్, అందులో అడ్రసు, అడ్రసు చివర ఉద్యోగి నంబరు. సర్వర్ లేవగానే డాక్స్ పేజీలో దానంతటదే కనిపిస్తుంది. నంబరు పూర్ణాంకమని రాసిపెడితే చాలు, అక్కడ అక్షరాలు కొట్టినవాణ్ణి ఫ్రేమ్‌వర్కే 422 అని తిప్పి పంపుతుంది. కానీ ఆ నంబరు అడుగుతున్న మనిషిదేనా అన్నది దానికి తెలియదు, మనమే రాయాలి. లాగిన్ ఒక్కటే సరిపోదు. ఆ చెక్ లేని కోడ్‌ని పూర్తయిన కోడ్ అనకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ అమ్మాయి మాటా అదే. "సార్, ఓనర్ చెక్‌కీ, టెస్టులకీ ఇంకొక్క రోజివ్వండి. ఓవాస్ప్ వాళ్ళ ఏపీఐ ప్రమాదాల జాబితాలో 2019లోనూ, 2023లోనూ మొదటిది ఈ చెక్ లేకపోవడమే."

"డెమో అయ్యాక చూద్దాంలేమ్మా. అంతా మనవాళ్ళేగా!" అన్నారు మేనేజరు గారు. అంతకుముందు జీతం పెంచమని అడిగినప్పుడూ "చూద్దాంలేమ్మా, టీమ్‌లో ఇప్పటికే నీకే ఎక్కువ" అని పంపేశారు.

డెమో అసలు డేటాతోనే ఉండాలని కూడా ఆయనే పట్టుబట్టారు. ఆ అమ్మాయి తన నంబరు కొట్టింది. 200 వచ్చింది. పెద్ద తెర మీద బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, పీఎఫ్ కోత, కింద నెట్ పే.

"భేష్! ఇంకెవరి నంబరైనా కొట్టమ్మా, అందరికీ పనిచేస్తుందని హెచ్‌ఆర్ మేడం గారు చూడాలి."

"వేరేవాళ్ళది తెరిస్తే బాగోదు సార్."

"ఫర్లేదు, కొట్టు."

పక్క సీటులోని కుర్రాడి నంబరు కొట్టింది. నిరుడు చేరాడతను. పని నేర్పింది ఈమే. మళ్ళీ 200. నెట్ పే ఆమెకంటే 18,000 ఎక్కువ. కుర్రాడు తల దించుకున్నాడు. హెచ్‌ఆర్ మేడం కళ్ళజోడు తీసి మేనేజరు వైపు చూశారు.

ఆయన గబగబా లేచి ప్రొజెక్టర్ కట్టేశారు. "ఇది చాలా పెద్ద తప్పమ్మా! ఇవాళే సరిచేయాలి."

"అలాగే సార్. ఏది ముందు, కోడా, నా జీతమా?"