ఎక్కముల వైద్యము

వైద్యశాస్త్రమున పట్టములు పొందినవారికంటె పొందనివారే రోగనిర్ణయమున సత్వరులన్న సంగతి మనకు కొత్త కాదు. లెక్కలు రాని బిడ్డ యొకడు కంటబడెనేని, ఉపాధ్యాయుడు, తండ్రి, మేనమామ, చుట్టపుచూపుగ వచ్చిన విశ్రాంత గుమాస్తా, నాడి పట్టకయే ఏకగ్రీవముగ నిర్ణయించు రోగ మొక్కటే: బద్ధకము. ఔషధమును ఒక్కటే: ఎక్కములు. అనుపానము బెత్తము, పథ్యము ఆటలు మానుట.

రోగి లక్షణములను కొంత వివరింపవలసియున్నది. తొమ్మిదేండ్ల బాలుడు ఏడునకు ఆరు కలుపవలసి వచ్చినపుడు వ్రేళ్లు మడచుచు ఒకటి నుండి ఎంచుచు పోవును. మరునిమిషమున అదే లెక్క అడిగినచో మరల ఒకటి నుండియే ఆరంభించును. రాత్రి వచ్చిన ఎక్కము తెల్లవారునప్పటికి పరారియగును. గడియారపు ముండ్లు వానికి అంతుపట్టవు. దుకాణమున చిల్లర ఎంత రావలెనో తెలియక, పిడికిట పెట్టినది పెట్టినట్లు తెచ్చును. ఆ బాలుడే కురువంశమును శంతనుడు మొదలు పరీక్షిత్తు వరకు తప్పులేకుండ అప్పగించును! "ఇంత కథ వచ్చినవానికి పదమూడవ ఎక్కము రాకుండుట యెట్లు? రానట్లు నటించుచున్నాడు" అని అంతట తీర్పు వెలువడును.

చెకోస్లొవేకియా మనశ్శాస్త్రజ్ఞుడు లదిస్లవ్ కోష్చ్, సామాన్యబుద్ధికి కొరత లేకయే గణితశక్తి యందు మాత్రము పుట్టుకతో లోపము కలుగవచ్చునని చెప్పి, డిస్కాల్‌క్యులియా యను ఈ స్థితిని 1974లో నిర్వచించెను. తక్కిన విద్యలందలి చురుకుదనమును మనవారు నేరమునకు సాక్ష్యముగ గొన్నచోట, ఆయన రుగ్మతను గుర్తించు ఆనవాలుగ గొన్నాడు. మన మేనమామలలో నొక్కని సంప్రదించియున్నచో పాపము ఆయనకా శ్రమ తప్పియుండెడిది. తరువాతి పరిశోధకులు, పరిమాణములను గ్రహించుటలో పాలుపంచుకొను ప్యారైటల్ భాగమున, ఇట్టి పిల్లల మెదడులలో భేదములను కనుగొనిరి; బాలలలో 100కి 3 నుండి 7 గురి వరకు ఈ ఇబ్బంది ఉండవచ్చునని అంచనా వేసిరి. 40 మంది గల తరగతిలో ఒకరు మొదలు ముగ్గురి వరకన్నమాట. నల్లబల్లపై ఏండ్ల తరబడి శాతములు బోధించిన గురువర్యులు ఈ యొక్క లెక్క మాత్రము చేసి చూడరు.

విద్యాహక్కు చట్టము 2009లో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించుటచే బెత్తము బీరువాలోనికి పోయినది (తాళము వేసినట్లు సాక్ష్యము లేదు). దాని స్థానమున మార్కులను తరగతికెల్ల బిగ్గరగ చదివి వినిపించుట యను సాత్త్విక చికిత్స వచ్చినది. కలిగినవారి బిడ్డలకు పూసల చట్రములును, వేదగణితమును సాయంకాలపు సేవనము. 1965లో వెలువడిన ఆ వేదగణిత గ్రంథమందలి సూత్రములు వేదములలో కానరావని పండితులన్నను, రుసుము చెల్లించిన తండ్రికి అది అప్రస్తుతము. తొమ్మిది ఎంతయో మనసున నిలువని బిడ్డకు తొంబదితొమ్మిదిని క్షణములో గుణించు కిటుకు నేర్పుటయందలి ఔచిత్యమును మాత్రము ఇంతవరకు ఏ ప్రకటనయు వివరింపలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము డిస్కాల్‌క్యులియాను పేరుపెట్టి చేర్చుకొన్నది. ఇట్టి బిడ్డలను వీలైనంత త్వరగ గుర్తించి తగిన బోధన సమకూర్చవలెనని అందు సెక్షన్ 16 విధించినది. పరీక్షలలో అదనపు సమయమునకును ఆ చట్టమున చోటున్నది. అయినను వైకల్య ధ్రువపత్రమన్నంతనే ఇంటిల్లిపాదియు ఉలికిపడుదురు: "మావానికి ఆ ముద్రయా? రేపు పిల్లనెవరిత్తురు?" మొద్దు, శుంఠ, మట్టిబుర్ర యను ముద్రలు ఐదవ యేటినుండి ఉచితముగ పడుచుండగా వియ్యాలవారిని గూర్చిన చింత యెవ్వరికిని కలిగినట్లు లేదు.

నిజమైన సాయము ప్రకటనలకు పనికిరానంత సాదాది. చింతగింజలు, పదేసి పుల్లల కట్టలు, నేలపై సుద్దతో గీచిన సంఖ్యారేఖ, అంకెలు వరుస తప్పకుండుటకు గళ్ల పుస్తకము. ఇరువది లెక్కలకు మారుగ నాలుగు, అవియు తొందర లేకుండ. ఎక్కముల పట్టిక ప్రక్కనే. ఇన్నిటిలో ఈ కడపటిది మన పెద్దలకు మింగుడుపడదు. పట్టిక ఎదుట పెట్టుకొని చేయునది లెక్కయేనా యని ధర్మాగ్రహమున ప్రశ్నించిన ఆ విశ్రాంత గుమాస్తాయే, మరునాడు రైతుబజారున ముప్పావుకిలో వంకాయల ధరకు ఫోను తీసి మీటలు నొక్కి, నమ్మకము చాలక మరల నొక్కి, చివరకు కూరలమ్మి నోటిలెక్కగ చెప్పిన మొత్తమునే చెల్లించి సంచి పట్టుకొని వెడలెను.