రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటి పన్ను రసీదు ఎప్పుడైనా ఆసాంతం చదివారా? మొత్తం ఎంతో చూసి, నాలుగు తిట్లు తిట్టి, మడిచి బీరువాలో పడేస్తాం. ఈసారి పడేసేముందు మధ్యలో ఒక గడి చూడండి. గ్రంథాలయ పన్ను, రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటాయన, జన్మలో పుస్తకం ముట్టకపోయినా, ఎనభై రూపాయలు సరస్వతికి సమర్పించుకుంటున్నాడన్నమాట. 1960 నాటి చట్టం పుణ్యమా అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనమంతా గ్రంథాలయ పోషకులమే.

వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. చేశాక జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. సరస్వతి సొమ్ము కదా, దారిలో కాస్త దానధర్మాలు చేస్తుంది: ఒకచోట వీధి దీపాలకు, ఇంకోచోట మురిక్కాల్వకు. చివరికి గ్రంథాలయానికి చేరేది బకాయిల పట్టిక. మనం పన్ను ఆలస్యంగా కడితే వడ్డీ వేస్తారు. మన దగ్గర వసూలు చేసినది వాళ్లు ఏళ్ల తరబడి అట్టే పెట్టుకుంటే దాని పేరు సర్దుబాటు.

డబ్బు రాకపోయినా చైర్మన్ మాత్రం వస్తాడు. ఎన్నికల్లో టికెట్ దక్కనివారి కన్నీళ్లు తుడవడానికి సర్కారు దగ్గరున్న చేతిరుమాళ్లలో గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవి ఒకటి. సమాజంలో గ్రంథాలయాల పాత్ర గురించి రాసే పండితులు ఈ సేవను ఎందుకో ప్రస్తావించరు.

1935లో కృష్ణా కాలువ మీద పడవకు పుస్తకాలెక్కించి ఊరూరా తిప్పారు మనవాళ్లు. వేటపాలెంలో 1918లోనే సారస్వత నికేతనం పెట్టారు. నిజాం ఏలుబడిలో, 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. వీటికి సెస్సూ లేదు, నామినేటెడ్ పదవీ లేదు. ప్రతిపాదన, మంజూరు, మూడు కొటేషన్లు లేకుండా ఆ పడవ రేవు ఎలా దాటిందో ఆడిట్ వాళ్లు ఇప్పటికైనా తేల్చాలి.

ఇప్పటి సంగతి చూడాలంటే పొద్దున్నే ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికైనా వెళ్లండి. హైదరాబాదులో అయితే చిక్కడపల్లి. గేటు తీయకముందే పిల్లలు బారులు తీరి ఉంటారు. బ్యాగులో గ్రూప్స్ మెటీరియల్, వాటర్ బాటిల్, టిఫిన్ డబ్బా. కుర్చీ మీద బ్యాగు పడిందా, సీటు దక్కినట్టే. ఆలస్యమైనవాళ్లకు మెట్లు, చెట్ల నీడ. చదివే పుస్తకం వాళ్లది, కొన్న డబ్బు వాళ్ల నాన్నది. గ్రంథాలయం ఇచ్చేది ఫ్యాను గాలి. వాళ్లను చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. అద్దె గదిలో నలుగురి మధ్య చదువు సాగక వచ్చినవాళ్లు. ఉద్యోగం ఇవ్వలేని సర్కారు కనీసం కుర్చీ ఇచ్చింది, అదీ అందరికీ చాలలేదు.

మరి అసలు పుస్తకాలో? క్షేమం. గాజు తలుపుల బీరువాలో తాళం వెనక నిక్షేపంలా ఉన్నాయి. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది గ్రంథపాలకుడే కాబట్టి, పాఠకుడి చేతికి ఇవ్వకపోవడమే ఆయనకు శ్రేయస్కరం. పైగా ఆయనకు పక్క ఊరి శాఖ ఇంచార్జి కూడా. తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది, ఆయన బస్సులో ఉంటాడు. కథల పుస్తకం అడగడానికి వచ్చిన పిల్ల గాజు మీద ముక్కు ఆనించి, అట్టల మీద పేర్లు చదువుకుని వెళ్లిపోతుంది.

ఏడాదికోసారి, నవంబరు 14 నుంచి 20 వరకు, గ్రంథాలయ వారోత్సవాలు. గ్రంథాలయోద్యమ పెద్దలు అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఫొటోలు దుమ్ము దులుపుకుని దండలు వేయించుకుంటాయి. వ్యాసరచనలో గెలిచినవాళ్లకు బహుమతి స్టీలు గిన్నె. ముగింపు సభకు హాలు కావాలి, కుర్చీలు కావాలి. అందుకని పరీక్షల పిల్లలను పుస్తకాలతో సహా బయటికి పంపి, ఆ కుర్చీల్లో అతిథులను కూర్చోబెడతారు. శాలువాలు అయ్యాక చైర్మన్‌గారు మైకు అందుకుంటారు. ప్రసంగాంశం: యువతలో పఠనాసక్తి ఎందుకు తగ్గుతోంది?