వేడి ఎటు పోతుంది?

తలుపు నచ్చి గది కట్టాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

డాలస్‌కి ఉత్తరాన, శివారులో మా ఇల్లు. హాల్లోంచి పైకెక్కే మెట్ల కింద చిన్న గది ఉంది. ఒక పక్క మనిషి నిలబడేంత ఎత్తు, రెండో పక్కకు వచ్చేసరికి మోకాలి దాకా దిగిపోతుంది. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులూ వాక్యూమ్ క్లీనరూ అందులోనే ఉండేవి. ఒక స్నేహితుడి ఇంట్లో నల్ల చట్రంలో నిలువెత్తు గాజు తలుపు, దాని వెనక దీపాల వెలుగులో వరసగా పడుకోబెట్టిన వైన్ సీసాలు చూశాను. ఆ రాత్రే సూట్‌కేసులు గరాజ్‌లోకి చేర్చి టేపు పట్టుకున్నాను.

సీసా లావు ఏడున్నర సెంటీమీటర్లు, పొడవు ముప్ఫై, నిండు సీసా బరువు సుమారు కిలోంబావు. రెడ్‌వుడ్ అరలు ఎన్ని పడతాయో, ఏటవాలు కింద ఏ సీసాలు ఇముడుతాయో గళ్ల కాగితం మీద ఎంతో శ్రద్ధగా గీశాను. ఆ బొమ్మలో కలప ఉంది, గాజు ఉంది, దీపాలున్నాయి, చల్లబరిచే యూనిట్ కూడా ఉంది. వేడి ఎక్కడా లేదు.

మా ఆవిడ ఆ కాగితం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ మిషన్ లోపల చల్లబరుస్తుంది సరే, ఆ వేడి ఎటు పోతుందండీ?"

"దాని సంగతి అది చూసుకుంటుందిలే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సమాధానం తెలియక అన్న మాట కాదది. ప్రశ్న వినే ఓపిక లేక అన్నది.

చల్లబరిచే యంత్రం ఏదీ చలిని పుట్టించదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది, తాను తిన్న కరెంటు తాలూకు వేడిని కూడా దానికి కలిపి. అందుకే దాని వీపు గాలాడే పెద్ద గదిలోకి ఉండాలి. నేనేం చేశానంటే, మెట్ల కింద ఎత్తు తక్కువైన భాగాన్ని పలకతో మూసేసి, ఆ అడ్డుగోడలోనే యూనిట్ బిగించి, దాని వీపును ఆ మూసిన బోలులోకి తిప్పాను. హాల్లోంచి చూస్తే అందంగా ఉండాలి, చప్పుడు వినబడకూడదు, అంతే నాకు కావలసింది. అది వదిలిన వేడి గాలినే మళ్లీ అది పీల్చుకునేది. కంప్రెసర్ ఆగడమన్నదే లేదు. అంత కష్టపడుతోందంటే బాగా పని చేస్తోందనుకున్నాను.

గోడల విషయంలో చేసింది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే అది కంటికి కనబడదు. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు సాధారణంగా బోలుగా ఉంటాయి. వాటిలో ఇన్సులేషన్ నింపాలని నాకు తెలుసు, నింపాను. తేమ చొరబడకుండా ప్లాస్టిక్ షీటు వేయాలనీ తెలుసు. ఎటువైపు వేయాలో మాత్రం తెలుసుకోలేదు. చలి దేశాల్లో ఆ షీటు ఇంటి లోపలి వైపు వేస్తారు, ఎందుకంటే అక్కడ లోపల వెచ్చన, బయట చలి. వైన్ గదికి అది తలకిందులు. లోపల 13 డిగ్రీలు, బయట హాల్లో 25. షీటు హాలు వైపు ఉండాలి. నేను అరల వైపు వేశాను. 25 డిగ్రీల గాలిలో 55 శాతం తేమ ఉంటే, 15 డిగ్రీల దగ్గరే అది నీరు కడుతుంది. అంటే మా హాల్లోని గాలి గోడలోకి దూరి, చల్లటి షీటు వెనక చేరి, అక్కడే చెమ్మగా మారింది. చివరికి పలక ఊడదీస్తే దాని వెనకంతా నల్లటి బూజు. పిల్లలు రోజూ ఎక్కి దిగే మెట్ల కింద ఆ బూజును నా చేతులతో నేనే పెంచాను.

ఇక సీసాల సంగతి. అది రాయడం కష్టంగా ఉంది.

మా అమ్మాయి పుట్టింది 2011లో. పోర్చుగల్‌లోని డోరో లోయలో పోర్ట్ వైన్‌కి అది గొప్ప సంవత్సరం. పంట బాగా కుదిరిందనుకున్న ఏళ్లలోనే అక్కడి ఉత్పత్తిదారులు దాన్ని వింటేజ్‌గా ప్రకటిస్తారు, ఆ ఏడు చాలామంది ప్రకటించారు. అలాంటి పోర్ట్ రెండేళ్లపాటు పీపాల్లో ఉండి తర్వాత సీసాలకెక్కుతుంది, ఆపైన దశాబ్దాల తరబడి సీసాలోనే పక్వమవుతుంది. బిడ్డ పుట్టిన ఏటి పోర్ట్ కొని, ఆ బిడ్డకు ఇరవయ్యొక్కేళ్లు నిండేదాకా దాచడం ఇంగ్లండ్‌లో పాత ఆచారం. అది నా మనసుకు హత్తుకుంది. 2032లో తెరుద్దామని ఒక పెట్టె కొన్నాను. నిజానికి ఎదురుచూడవలసిన వైన్ మా ఇంట్లో అదొక్కటే. మిగతా అరలన్నీ సూపర్ మార్కెట్లో కొన్న మామూలు సీసాలతో నింపాను. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం ఒకటి రెండేళ్లలో తాగేయడానికి చేసిందే, దాస్తే బాగుపడదు, నీరసపడుతుంది. ఖాళీ అరలు బాగుండవని అవి కొన్నాను.

ఒక జూలైలో అందరం ఇండియా వెళ్లాం. కరెంటు మిగులుతుందని ఇంటి ఏసీ 30 దగ్గర పెట్టి వెళ్లాను. తిరిగొచ్చి తలుపు తీయగానే తియ్యటి వాసన కొట్టింది. యూనిట్ ఎప్పుడో ఆగిపోయింది. వేడికి వైన్ ఉబ్బి బిరడాలను పైకి నెట్టింది, సీసాల మెడల మీద ఊదారంగు చారలు ఎండిపోయి ఉన్నాయి. అలా బిరడా లేచిన సీసా మళ్లీ చల్లబడితే లోపలికి గాలి పీలుస్తుంది, ఆ గాలే తర్వాత వైన్‌ని చంపుతుంది. పోర్ట్ పెట్టెలో సగం అలా కారిపోయాయి. ఒకటి తెరిచి రుచి చూశాం. పండు వాసన ఏ కోశానా లేదు, మాడిన పాకంలా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా నాన్న వచ్చాడు. నంద్యాల దగ్గర పల్లెలో సేద్యం చేసినవాడు. పెరట్లో మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, "ఇది మన నల్లరేగడే గదరా" అన్నాడు. నిజమే. ఇక్కడి నేల కూడా తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. ఈ ప్రాంతపు ఇళ్లకు భూగర్భ గదులు అరుదు కావడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. వేసవిలో పునాది చుట్టూ నీళ్ల పైపులు పరిచి నేల పగలకుండా కాపాడుకుంటాం. నేలమాళిగ తవ్వే వీలుంటే నాకీ కష్టం వచ్చేది కాదని ఆయనతో అన్నాను. మన పాతరల్లో జొన్నలు ఎన్నేళ్లున్నా చెడేవి కావు కదా, అదంతా భూమి చల్లదనమే కదా అన్నాను.

"చల్లదనం కాదురా. గాలి లేక. గాలి ఆడకుండా మూస్తే పురుగు బతకదు. అందుకే తెరిచినాక ముందు దీపం దించి చూస్తాం. దీపం ఆరితే మనిషి దిగకూడదు."

చిన్నప్పుడు ఆ పాతర పక్కనే ఆడుకున్నాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. నేలమాళిగల గురించి కూడా ఆ తర్వాతే చదివాను: లోతుగా వెళ్తే నేల వేడి, ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. ప్యారిస్ అబ్జర్వేటరీ కింద 28 మీటర్ల లోతున 1783లో శాస్త్రవేత్త లవోయిజియే థర్మామీటరు పెట్టించాడు, అక్కడ ఏడాది పొడుగునా సుమారు 12 డిగ్రీలే. ఫ్రెంచివాళ్ల నేలమాళిగలు వైన్‌కి సరిపోవడం వెనక వాళ్ల వాతావరణమే ఉంది. డాలస్‌లో ఏడాది సగటు 19, 20 డిగ్రీలు. నేను ఎంత తవ్వినా 13 దొరకదు.

గది మొత్తం విప్పేశాం. బూజు పట్టిన పలకలు తీయించి, గోడలు ఆరనిచ్చి, మళ్లీ కట్టించాం. ఇప్పుడక్కడ వేడిని ముందువైపు నుంచే హాల్లోకి వదిలే చిన్న వైన్ ఫ్రిజ్ ఒకటుంది. కారని పోర్ట్ సీసాలు అందులో ఉన్నాయి. జరిగిందంతా మా అమ్మాయికి చెప్పాను, అవి ఎలా ఉంటాయో 2032 దాకా తెలియదని కూడా.

మా ఊళ్లోనే ఒక తెలుగు మిత్రుడు తన మెట్ల కింద ఇలాంటిదే కట్టాలనుకుంటున్నాడు. ఈ శనివారం రమ్మన్నాడు. థర్మామీటరూ తేమ కొలిచే మీటరూ తీసుకెళ్తున్నాను. యూనిట్ వీపు ఏ గదిలోకి వస్తుందో ముందు చూడాలి. అది వాళ్లు బట్టలు ఆరేసుకునే చోటైతే ఆ గోడ వద్దని చెబుతాను. నువ్వు గీసిన బొమ్మ మీ ఆవిడకు చూపించావా, ఆవిడేమంది అని అడుగుతాను.