మీరిది విని ఉండరు లెండి

తెలుగు పాటల ప్రేమికుల్లో ఈమధ్య ఒక కొత్త మఠం వెలిసింది. ఈ మఠంలో పాట బాగుందా లేదా అని తేల్చడానికి శ్రుతి, లయ, మాట, బాణీ ఇవేవీ కొలతలు కావు. అది ఇంకెవరికీ తెలియకూడదు, అంతే. నలుగురికి తెలిస్తే పాట మైలపడుతుంది. ఊరందరికీ తెలిస్తే, విన్నవాడు తలస్నానం చేయాల్సిందే. కొత్తగా ఒక పాత పాట దొరికిందంటే మఠాధిపతి ముందు చూసేది సంగీత దర్శకుడి పేరు కాదు, కింద కనిపించే వ్యూస్ అంకె. అది మూడు వందలు దాటలేదంటే ఆయనకు ఒళ్లు పులకరిస్తుంది. వినడం ఆ తర్వాత సంగతి. ఒక్కోసారి వినకపోయినా నష్టం లేదు.

ఆయన్ని ఆణిముత్యాలాయన అందాం. ఆయన నోట పాట అనే మాటే రాదు. "సార్, మీకో ఆణిముత్యం పంపాను, చూశారా?" అంటారు. మీరిది విని ఉండరు లెండి అన్నది దానికి తోకలా ఎప్పుడూ ఉంటుంది. ఆ వాక్యంలో సగం జాలి, సగం సంతోషం. మనం విని ఉండకపోవడమే ఆయనకి కావలసింది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఎగతాళిగా అన్న మాటను ఈయన వైద్యశాస్త్రంగా తీసుకున్నారు.

పెళ్లి భోజనాల్లో ఆయన పక్కన విస్తరి దొరికిందా, పరీక్షకు కూర్చున్నట్టే లెక్క. "రఫీ తెలుగులో పాడాడు, తెలుసాండీ?" ఇది తొలి ప్రశ్న. తెలుసండీ. ఎన్టీఆర్ సినిమాల్లోనే 'భలే తమ్ముడు' (1969)లో పాడారు, 'ఆరాధన' (1976)లో పాడారు, 'అక్బర్ సలీం అనార్కలి'లో పాడారు. ఈ మాట అనగానే ఆయన మొహం మాడుతుంది. వెంటనే ఒక మెట్టు కిందికి దిగుతారు. "పోనీ, లతా మంగేష్కర్?" 'సంతానం', 1955, సుసర్ల దక్షిణామూర్తి సంగీతం. "సరే, తలత్ మహమూద్?" 'మనోరమ', 1959, రమేశ్ నాయుడు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మూడో ప్రశ్నకి కూడా జవాబు చెప్పేస్తే స్నేహం తెగిపోతుంది. ఆ లోకజ్ఞానం ఉన్నవాడెవడైనా తలత్ దగ్గర ఆగి "అలాగా! తలత్ కూడానా!" అని నోరు తెరుస్తాడు. దాంతో ఆయనకి తృప్తి, మనకి ప్రశాంతంగా పాయసం.

ఈ పరీక్ష మొత్తంలో ఆ పాటలు ఎలా ఉన్నాయన్న ప్రశ్నే రాలేదని గమనించారా? హిందీ గాయకుడి నోట తెలుగు ఒత్తులు ఎలా పలికాయి, రమేశ్ నాయుడు ఆ మెత్తని గొంతుకి తగ్గట్టు బాణీ ఎలా కట్టారు, ఇవి మాట్లాడుకోవలసిన సంగతులే. మాట్లాడరు. బొంబాయి నుంచి వచ్చి పాడడమే ఘనత. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ తెలుగులో ఎంత చక్కగా పాడినా ఈ మఠంలో పీఠం దొరకదు. ఆయన పాటలు మా పిన్నికి కూడా వచ్చు మరి.

రెండో సరుకు లలిత గీతాలు. "ఇవి ఎక్కడా దొరకవు, ఎవరూ విన్లేదు" అని ఆయన గుసగుసగా చెబుతారు, పోలీసులు వింటారేమో అన్నంత భయంగా. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి 1940లలో పాడిన గ్రామఫోను రికార్డులు అప్పట్లో ఇళ్లలో అరిగిపోయేదాకా తిరిగాయి. 1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చాక బాలాంత్రపు రజనీకాంతరావు వంటివాళ్లు లలిత సంగీతాన్ని ఇంటింటికీ చేరవేశారు. 'ఈ మాసపు పాట' అని ఒకే పాటను నెల పొడుగునా వినిపించి, జనం నోటికి వచ్చేదాకా వదల్లేదు. చారు పోపు వేస్తూ ఆడవాళ్లు పాడుకున్న పాట అది, బడి వార్షికోత్సవంలో ఆడపిల్లలు వరసగా నిలబడి పాడిన పాట అది. ఇప్పుడది ఎవరూ వినని పాట అయింది. ఆ 'ఎవరూ' అన్నదాంట్లో ఈయన తల్లిగారు, మేనత్తలు, పక్కింటి టీచరమ్మ లేరన్నమాట.

జానపదాల దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంకా విచిత్రం. 'పలాస 1978' (2020)లో రఘు కుంచె ఉత్తరాంధ్ర జానపదం ఒకటి తీసుకుని కడితే అది ఊరూరా మోగింది. ఆణిముత్యాలాయన పెదవి విరిచారు. "సినిమాలోది కాదండీ, దాని అసలుది నా ఫోన్లో ఉంది. ఎవరికీ తెలీదు." పాడిందెవరండీ? "ఎవరో ముసలామె." ఏ ఊరు? "అటువైపే, శ్రీకాకుళం." ఆ ఊళ్లో నాట్లు వేసే ప్రతి మనిషికీ వచ్చిన పాట ఎవరికీ తెలియకపోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. ఎవరికీ తెలియనిది పాట కాదు, పాడినామె పేరు. అది కూడా ఈయనకే తెలియదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాత రికార్డులు సేకరించేవాళ్లు నిజంగా ఉన్నారు, వాళ్ల పుణ్యాన మిగిలినవి చాలా ఉన్నాయి. ఒక వైపు మూడు నిమిషాలు మోగే 78 ఆర్‌పీఎం రికార్డు మీది నంబరు చూసి, ఏ కంపెనీదో, ఏ కాలం నాటిదో, పాటలో వీణ ఎవరు వాయించారో చెప్పగలరు. వాళ్లు మనకి ఆణిముత్యాలు పంపరు. "నా కాపీలో రెండో చరణం దగ్గర గీత పడిందండీ, మీ దగ్గర మంచిది ఉందా?" అని అడుగుతారు. వాళ్లకి పాట ఇంకొకరి దగ్గర ఉండడం శుభవార్త. మన మఠాధిపతికి అదే అశుభం.

ఆ అశుభం ఎలా వస్తుందంటే, ఎక్కడో ఒక అమ్మాయి పట్టుచీర కట్టుకుని, అదే పాటకు ముప్పై సెకన్లు నడిచి రీల్ పెడుతుంది. వారం తిరిగేసరికి ఆటోల్లో, సెలూన్లలో అదే. సిఫారసు చేసినవాడు గెలిచినట్టే కదా అనుకుంటాం. కానీ ఆణిముత్యాలాయన ఇంట్లో పదో రోజు జరుగుతున్నట్టుంటుంది. "మాస్ అయిపోయిందండీ" అని నిట్టూరుస్తారు. నిన్నటిదాకా అందరూ వినాలి అని వేడుకున్నది ఈయనే. అందరూ వినేశారు. అదే నేరం.

ఇక ఆయన రెండో పెట్టె తెరిస్తే కవర్లు. "అసలు పాట కంటే ఇదే బాగుంటుంది సార్, కొత్తగా చేశారు." ఆ కొత్తదనం తయారీ విధానం మీకూ తెలిసే ఉంటుంది. ముందు తబలా తీసేస్తారు. తర్వాత వయొలిన్లు, వేణువు, బృందగానం తీసేస్తారు. మిగిలినచోట గిటారు మీద నాలుగు కార్డ్స్ పరుస్తారు. గోడకి పసుపురంగు సీరియల్ బల్బులు, మూలన కుండీలో మొక్క, మధ్యలో కళ్లు మూసుకున్న కుర్రాడు. వేగం సగానికి దిగుతుంది. గొంతులో గాలి పెరిగి స్వరం తగ్గుతుంది. 'ళ' అన్న అక్షరం ఊరు వదిలి వెళ్లిపోతుంది. రెండో చరణం రాదు కాబట్టి మొదటిదే రెండుసార్లు. కింద ఒక ప్రకటన: "ఒరిజినల్ క్రెడిట్స్: రెస్పెక్టివ్ ఓనర్స్." మైకు కంపెనీ పేరు, చొక్కా ఇచ్చిన దుకాణం పేరు, డ్రోన్ ఎగరేసిన మిత్రుడి పేరు వేశాక కవి పింగళి నాగేంద్రరావు అని రాయడానికి చోటు ఎక్కడిది?

'మాయాబజార్' పడవ పాటకి ఈ మర్యాద ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను. మోహన రాగంలో, తెడ్డు పడినట్టు సాగే నడక తీసేస్తే ఆ పాటలో పడవే లేదు, ఇద్దరు మనుషులు గట్టు మీద కూర్చుని దిగులు పడుతున్నారు. 'జగదేకవీరుని కథ' (1961)లో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టిన మహాగీతాన్ని కూడా ఒక బృందం వదల్లేదు. చివర స్వరాలు మాయం. ఏమైందని అడిగితే "మినిమల్‌గా ఉండాలని" అన్నారు. రాని వాటిని ఇంత మర్యాదగా వదిలేయడం కూడా ఒక విద్యే, ఒప్పుకుంటాను.

ఇందులో పరాకాష్ఠ, పాడడం కూడా మానేసిన కవర్. పాత రికార్డింగునే వేగం తగ్గించి, కాస్త ప్రతిధ్వని కలిపితే స్లోడ్ అండ్ రివర్బ్. దీనికి గొంతు అక్కర్లేదు, గిటారు అక్కర్లేదు, మొక్క కూడా అక్కర్లేదు. మామూలుగా రికార్డు వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగుతుంది. నూటికి 80 వంతుల వేగానికి దించితే పాట హార్మోనియం మీద దాదాపు నాలుగు మెట్లు కిందికి పోతుంది. ఆ లెక్కన సుశీల గారు ఎవరింటి బాబాయో అయిపోతారు. ఘంటసాల గారు నేరుగా బావిలోకి దిగిపోతారు. "అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, డెప్త్ ఉంటుంది" అని ఆణిముత్యాలాయన సలహా. బావిలో డెప్త్ ఉండక ఏముంటుందండీ!

ఇదంతా విని, పాత పాట ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టాలనే బాపతు అని నన్ను అనుకోకండి. మన సంగీతం బతికిందే ఒకరి పాట మీద ఇంకొకరు చేయి వేయడం వల్ల. 'మాయాబజార్'నే తీసుకోండి. అందులో నాలుగు పాటలకు బాణీలు కట్టి సాలూరి రాజేశ్వరరావు తప్పుకుంటే, వాటికి వాద్యాలు అమర్చి రికార్డు చేసి, మిగతా సంగీతమంతా తానే చేసి సినిమా నిలబెట్టారు ఘంటసాల. ఆ సినిమా వచ్చిన 1957లోనే 'సువర్ణసుందరి'కి ఆదినారాయణరావు ఒక రాగమాలిక కట్టి ఘంటసాల, జిక్కి చేత పాడించారు. దాన్నే హిందీకి తీసుకెళ్లి రఫీ, లతల చేత పాడించారు. తన పాటకి తానే ఇంకో భాషలో, ఇంకో ఇద్దరి గొంతుల్లో ప్రాణం పోయడం అంటే అది. గోడ మీద పసుపు బల్బులు మాత్రం లేవు.

ఇంకా వెనక్కి వెళితే అన్నమయ్య. 1503లో కన్నుమూసిన మనిషి. తిరుమలలో దాగిన రాగిరేకులు 1922లో బయటికి వస్తే, వాటి మీద కీర్తన ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఎలా పాడారో ఎవరికీ తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకుని గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ దాకా ఎందరో వాటికి మళ్లీ బాణీలు కట్టారు. 'నానాటి బతుకు' రేవతి రాగంలో మనకి తెలిసిన రూపం నేదునూరి కృష్ణమూర్తి కట్టినది, ఆయన పుట్టిందే 1927లో. ఎవరో గాయని ఈమధ్య దాన్ని వేరే రాగంలో పాడితే ఆణిముత్యాలాయన మండిపడ్డారు: "అన్నమయ్య ఒరిజినల్ ట్యూన్ నాశనం చేశారండీ!" అయ్యా, తమరు కాపాడుతున్న ఆ ఒరిజినల్ ఇరవయ్యో శతాబ్దపు సొత్తు. తెలుగులో ఇంతకన్నా సాహసమైన కవర్ లేదు. అయినా ఈయన దాన్ని ఎవరికీ సిఫారసు చేయరు, అందరికీ వచ్చు కదా.

  

కవర్ల విషయంలో మన చట్టం ఆణిముత్యాలాయన కంటే తమాషాగా ఉంటుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 31సి సెక్షన్ వచ్చింది. సొంతదారుని బతిమాలుకోకుండా కవర్ రికార్డు చేయాలంటే, తొలి రికార్డింగు వచ్చిన ఏడాది తర్వాత ఐదు క్యాలెండరు సంవత్సరాలు ఆగాలి. ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి. పాత గాయకుల పేరు గానీ బొమ్మ గానీ వాడకూడదు, సినిమా పేరు చెప్పుకుని అమ్ముకోకూడదు, ఇది కవర్ అని రాయాలి. అన్నిటికీ మించి, సొంతదారు ఒప్పుకోని మార్పు, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పు చేయకూడదు. అంటే ఈ దారిలో వచ్చే కవర్‌కి కొత్తదనమే నిషిద్ధం. 2017లో తన పాటల విషయమై ఇళయరాజా పంపిన లీగల్ నోటీసు అందుకున్నది ఆ పాటల్లో ఎన్నో మొదట పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు. గిటారు కుర్రాడు మాత్రం రెస్పెక్టివ్ ఓనర్స్‌కి ఒక దండం పెట్టేసి ధీమాగా ఉన్నాడు.

నా మనవి ఏమిటంటే, ఈ సెక్షన్‌ను పాడేవాళ్లతో పాటు సిఫారసు చేసేవాళ్లకీ వర్తింపజేయాలి. పాట విన్న ఐదేళ్ల దాకా ఎవరికీ పంపకూడదు. అప్పటికీ పల్లవి నోటికి వస్తుంటే, కవి, సంగీత దర్శకుడు, గాయని, సంవత్సరం రాసి నోటీసు ఇవ్వాలి. వినబోయేవాడికి 50,000 సార్లకు సరిపడా రుసుము ముందుగా చెల్లించాలి. చట్టంలో ఒక వెసులుబాటు కూడా ఉంది: పెద్దగా చెల్లుబాటు ఉండని భాషలకూ యాసలకూ ఆ కనీస సంఖ్యను తగ్గించవచ్చు. ఆణిముత్యాలాయన తొలి దరఖాస్తు దానికే పెడతారు, తన పాటలు ఎవరూ వినరు కనుక రాయితీ కావాలని. రుజువు కోసం లింకు జతచేయక తప్పదు. అక్కడి గుమాస్తా భోజనానంతరం దాన్ని తెరిచి, బాగుందే అనుకుని, పక్క సీటుకి పంపిస్తాడు. సాయంత్రానికి ఆఫీసంతా అదే పాట. ఇక ఆ దరఖాస్తును ఆయనే వెనక్కి తీసుకోవాలి.